హైకోర్టులో రివ్యూ పిటిషన్ల కొట్టివేత: నియమాలు, ఆచరణ, కొల్లేటి సీమ

తాను ఇచ్చిన తీర్పును తానే మరోసారి చూడాలని కోర్టును కోరుతూ వేసే దరఖాస్తు రివ్యూ పిటిషన్. కింది కోర్టు తప్పు చేసిందని పైకోర్టుకు చెప్పుకోవడం అప్పీలు. తీర్పు రాసిన జడ్జి దగ్గరికే వెళ్లి ఇందులో ఫలానా పొరపాటు దొర్లింది, సరిచేయండి అని అడగడం రివ్యూ. సివిల్ ప్రొసీజర్ కోడ్, 1908లోని 114వ సెక్షన్ ఈ అధికారాన్ని ఇస్తుంది, అదే కోడ్‌లోని 47వ ఆర్డర్ దానికి హద్దులు గీస్తుంది. అధికారం ఇవ్వడానికి ఒక్క సెక్షన్ సరిపోయింది. హద్దులు గీయడానికి తొమ్మిది రూల్స్ కావలసి వచ్చాయి (రెండో రూలు 1956లో రద్దయింది). వీటిలో ఎక్కువ భాగం పిటిషన్‌ను ఎప్పుడు తోసిపుచ్చాలి, తోసిపుచ్చాక ఏమవుతుంది అన్న విషయం గురించే చెబుతాయి.

హైకోర్టులో రివ్యూ పిటిషన్లు సాధారణంగా కొట్టివేతతోనే ముగుస్తాయి. అంతమాత్రాన కక్షిదారు చెప్పింది అబద్ధమని కోర్టు తేల్చినట్టు కాదు. అతని గోడు నిజమే కావచ్చు, తీర్పు తప్పే కావచ్చు. ఆ తప్పును చెప్పుకోవలసిన చోటు అది కాదన్నదే చాలా కొట్టివేతల సారాంశం. ఈ తేడాను కక్షిదారుకు మొదటి రోజే విడమరిచి చెప్పే ప్లీడరు దొరకడం అదృష్టం. చెప్పకపోతే జరిగే నష్టం ఎంతటిదో కొల్లేరు చుట్టుపక్కల భూమి కేసులను తీసుకుంటే బాగా తెలుస్తుంది.

కొల్లేటి సీమలో వ్యాజ్యాల తీరు

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో కొల్లేరు ఉంది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, డెల్టా పొలాల మురుగు డ్రెయిన్లు అన్నీ అందులోకే దిగుతాయి. నీరు సముద్రంలో కలవడానికి ఉప్పుటేరే దారి. వానాకాలంలో సరస్సు పరుచుకుంటుంది, ఎండలకు కుంచించుకుపోతుంది. నీరు తీసిన నేల ఎవరిదన్న ప్రశ్నే ఇక్కడి సగం తగాదాలకు మూలం. తరతరాలుగా సాగులో ఉన్న జిరాయితీ భూమి, ప్రభుత్వం ఇచ్చిన డీ-ఫారం పట్టా, మత్స్యకార సహకార సంఘానికి కేటాయించిన సరస్సు గర్భం, ఏ కాగితమూ లేని ఆక్రమణ, ఇవన్నీ ఒకే గట్టుకు అటూ ఇటూ ఉంటాయి.

1999 అక్టోబర్ 4న వచ్చిన జీవో 120 ఈ చిక్కును ఇంకా పెంచింది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని 26-ఏ సెక్షన్ కింద ప్రభుత్వం +5 అడుగుల కాంటూరు (ఎత్తు గీత) దాకా, అంటే సుమారు 308 చదరపు కిలోమీటర్ల మేర, కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో కొల్లేరు రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాకెక్కింది. సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ సిఫార్సుల మేరకు 2006లో అభయారణ్యం లోపలి చేపల చెరువుల గట్లను పెద్ద ఎత్తున తెగ్గొట్టారు. హద్దును +3 కాంటూరుకు కుదించాలని 2008లో శాసనసభ తీర్మానించింది. ఈ ప్రతి మలుపు దగ్గరా హైకోర్టులో రిట్లు పడ్డాయి. మా సర్వే నంబరు హద్దుకు బయట ఉంది, మాది జిరాయితీ కాబట్టి పరిహారం ఇవ్వకుండా చెరువు కొట్టకూడదు, మా డ్రెయిన్‌ను పక్కవాళ్లు పూడ్చారు అన్నవి ఇలాంటి వ్యాజ్యాల్లో వినపడే వాదనలు.

తాడేపల్లిగూడెం వైపు మెరక వచ్చేకొద్దీ తగాదా రూపు మారుతుంది. అక్కడివి ఎక్కువగా అన్నదమ్ముల పంపకాలు, అమ్మకపు అగ్రిమెంట్లు, కౌలు బాకీలు, దారి హక్కులు. దావా జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో పుట్టి, మొదటి అప్పీలు మీద సీనియర్ సివిల్ జడ్జి దగ్గరికో ఏలూరు జిల్లా కోర్టు పరిధిలోని మరో బెంచికో వెళ్లి, రెండో అప్పీలుగా హైకోర్టుకు చేరుతుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 100వ సెక్షన్ ప్రకారం రెండో అప్పీలులో ముఖ్యమైన న్యాయ ప్రశ్న ఉంటే తప్ప హైకోర్టు జోక్యం చేసుకోదు. అక్కడ సింగిల్ జడ్జి కొట్టేస్తే 100-ఏ సెక్షన్ వల్ల అదే హైకోర్టులో ఇద్దరు జడ్జిల బెంచికి పోయే దారి లేదు. మిగిలేవి రెండే: ఢిల్లీ వెళ్లి సుప్రీంకోర్టులో ప్రత్యేక అనుమతి కోరడం, లేదా అదే జడ్జి ముందు రివ్యూ వేయడం. ఢిల్లీ ఖర్చు తలుచుకున్న రైతుకు రివ్యూయే దగ్గరి దారిగా కనిపిస్తుంది. రివ్యూ పిటిషన్లు ఇంతగా పుట్టడానికి చట్టం కన్నా ఈ దూరమే పెద్ద కారణమని నా అభిప్రాయం.

ఈ సీమకు పెద్ద కోర్టు చాలాసార్లు చోటు మారింది. 1954 దాకా మద్రాసు హైకోర్టు, ఆ ఏడాది జూలై నుంచి గుంటూరులో ఆంధ్ర హైకోర్టు, 1956 నవంబర్ నుంచి హైదరాబాద్, 2019 జనవరి 1 నుంచి అమరావతి. చోటు మారినా 47వ ఆర్డర్ సారం మారలేదు. దాని మూలం 1859 నాటి తొలి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోనే ఉంది.

రివ్యూకు ఉన్న మూడు ఆధారాలు

మొదటి రూలు మూడు ఆధారాలు చెబుతుంది. ఒకటి, తగినంత శ్రద్ధ పెట్టినా తీర్పు నాటికి తెలియని లేదా చూపలేకపోయిన కొత్త, ముఖ్యమైన సాక్ష్యం దొరకడం. రెండు, రికార్డు చూడగానే కనిపించే తప్పు. మూడు, మరే ఇతర చాలిన కారణమైనా. మూడోది వినడానికి విశాలంగా ఉంది గానీ, 1922లోనే ప్రివీ కౌన్సిల్ ఛజ్జూ రామ్ కేసులో దాని నోరు కట్టేసింది. మొదటి రెండింటిని పోలిన కారణమై ఉండాలని అప్పుడు చెప్పిన మాటను 1954లో మలంకర చర్చి కేసులో సుప్రీంకోర్టు కూడా ఒప్పుకుంది. కాబట్టి న్యాయం కోసం, దయతో అన్న పదాలు పిటిషన్‌లో ఎన్ని రాసినా అవి ఆధారం కావు.

కొట్టివేతల్లో ఎక్కువ భాగం రెండో ఆధారం చుట్టూ తిరుగుతాయి. చూడగానే కనిపించే తప్పు అంటే ఏమిటి? దీనికి నేటికీ ఉదహరించే జవాబు తెలుగు నేల నుంచి వెళ్లిన కేసులోనే ఉంది. కర్నూలులోని తుంగభద్ర ఇండస్ట్రీస్ వేరుశనగ నూనె తీసి, దాన్ని హైడ్రోజనీకరించి అమ్మేది. వేరుశనగ కాయలు కొన్న ధరను అమ్మకపు పన్ను లెక్కలోంచి మినహాయించుకునే హక్కు హైడ్రోజనీకరించిన నూనెకూ వర్తిస్తుందా అన్నది తగాదా. ఒక సంవత్సరపు పన్ను విషయంలో సుప్రీంకోర్టుకు వెళ్లదగిన న్యాయ ప్రశ్న ఇందులో ఉందని హైకోర్టే సర్టిఫికెట్ ఇచ్చింది. అదే ప్రశ్నపై మరికొన్ని సంవత్సరాల కేసుల్లో మాత్రం అలాంటి ప్రశ్న ఏదీ లేదంటూ సర్టిఫికెట్ నిరాకరించింది. కంపెనీ రివ్యూ కోరితే దాన్నీ కొట్టేసింది.

1963 అక్టోబర్ 22న సుప్రీంకోర్టు ఆ కొట్టివేతను తప్పుపట్టింది. తీర్పు రాసిన జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ రెండు మాటలు తేల్చారు. రివ్యూ అనేది అప్పీలుకు మారువేషం కాదు, కాబట్టి తీర్పు తప్పయినంత మాత్రాన రివ్యూకు తావులేదు. అయితే పెద్ద వాదన అక్కరలేకుండా వేలు పెట్టి చూపగలిగి, రెండో అభిప్రాయానికి చోటులేని తప్పు ఉంటే మాత్రం రివ్యూ ఇవ్వాల్సిందే. ఒకే ప్రశ్నను ఒకచోట ఉందని, ఇంకోచోట లేదని అదే కోర్టు అనడం అలాంటి తప్పే. నేటికీ హైకోర్టులు రివ్యూ కొట్టేసేటప్పుడు ఈ తీర్పులోని మొదటి మాటను తరచూ ఎత్తిరాస్తాయి. రెండో మాటను కూడా అంతే శ్రద్ధగా గుర్తుంచుకోవాలి. తుంగభద్ర కేసులో గెలిచింది రివ్యూ అడిగినవారే.

ఏ తప్పు చూడగానే కనిపించేది కాదో 1959లో సత్యనారాయణ హెగ్డే కేసు చెప్పింది: నిరూపించడానికి సుదీర్ఘమైన తర్కం కావలసి వస్తే అది ఆ కోవలోకి రాదు. 1997లో పార్సియన్ దేవి కేసు ఇంకో అడుగు వేసి, తప్పుగా వచ్చిన తీర్పుకూ రికార్డు మీదే కనిపించే తప్పుకూ స్పష్టమైన గీత గీసింది. మొదటిదాన్ని పైకోర్టు దిద్దాలి, రెండోదాన్ని మాత్రమే రివ్యూలో దిద్దవచ్చు.

ఈ గీత పొలం గట్టు మీద ఎలా ఉంటుందో చూద్దాం. కైకలూరు మండలంలో ఒక చెరువు ఉందనుకుందాం. తీర్పు ఒక పేరాలో ఆ సర్వే నంబరు +5 కాంటూరుకు బయట ఉందని రికార్డు చేసి, చివరి పేరాలో లోపల ఉంది కాబట్టి రిట్ కొట్టేస్తున్నామంటే అది చూడగానే కనిపించే తప్పు. అలాకాక, రెండు సర్వే నివేదికలు ఉండి, జడ్జి అటవీ శాఖ నివేదికను నమ్మి రెవెన్యూ నివేదికను పక్కన పెడితే, ఆ నమ్మకం ఎంత పొరపాటైనా రివ్యూకు పనికిరాదు. ఏ సాక్ష్యాన్ని ఎంత నమ్మాలన్నది తీర్పులోని ఆలోచన. దాన్ని మార్చమనడం అప్పీలే.

కొత్త సాక్ష్యం విషయం

కక్షిదారులు అన్నిటికన్నా ఎక్కువ ఆశ పెట్టుకునేది కొత్త కాగితం మీద. కేసు పోయాక ఇంట్లో పాత పెట్టె వెతికితే తాతల నాటి దస్తావేజు దొరుకుతుంది, లేదా తహసీల్దార్ ఆఫీసులో దరఖాస్తు పెడితే పాత అడంగల్ నకలు చేతికొస్తుంది. దాన్ని పట్టుకుని అమరావతి వస్తారు. కోర్టు అడిగే మొదటి ప్రశ్న ఆ కాగితం నిజమా కాదా అని కాదు, ఇది ఇన్నాళ్లూ ఎక్కడుంది అని.

తహసీల్దార్ ఆఫీసులోనో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనో ఎవరు అడిగినా ఇచ్చే రికార్డు అయితే అది కొత్తగా దొరికినట్టు కాదు, కొత్తగా అడిగినట్టు. ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల) పటం, ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, గెజెట్‌లో అచ్చయిన నోటిఫికేషన్ లాంటివన్నీ ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి. పైగా నాలుగో రూలులోని షరతు ప్రకారం, ఆ విషయం తనకు ముందు తెలియదనీ ఎంత ప్రయత్నించినా తేలేకపోయాననీ గట్టి రుజువు చూపకుండా ఈ ఆధారం మీద రివ్యూ ఇవ్వకూడదు. ఒక్క అఫిడవిట్‌లో నాకు తెలియదు అని రాస్తే చాలదు. ఏ ఆఫీసులో ఎప్పుడు అడిగారు, ఏమి జవాబు వచ్చింది, ఎందుకు ఆలస్యమైంది అన్నది చూపాలి.

ఇది కఠినమే. చదువు లేని, రికార్డుల ఆఫీసు మెట్లెక్కడానికి భయపడే మనిషికి తగినంత శ్రద్ధ అన్న మాట ఎంత బరువో ఊళ్లో ఉన్నవారికి తెలుసు. అయినా ఈ కఠినత్వాన్ని నేను సమర్థిస్తాను. గెలిచిన పక్షం కూడా అదే ఊరి మనిషి. అతను తీర్పును నమ్మి చెరువులో చేపపిల్లలు వేసి, బ్యాంకులో అప్పు తెచ్చుకుని ఉంటాడు. ప్రతి కొత్త కాగితానికీ తీర్పు తిరగబడితే అతని నమ్మకానికి విలువ ఉండదు.

ఆధారం కానివి

1976 సవరణ మొదటి రూలుకు ఒక వివరణ చేర్చింది: తీర్పుకు పునాది అయిన న్యాయసూత్రాన్ని తర్వాత మరో కేసులో పైకోర్టు మార్చినా, రద్దు చేసినా అది రివ్యూకు ఆధారం కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. పత్రికలో సుప్రీంకోర్టు కొత్త తీర్పు గురించి చదివి, మన పాత కేసు మళ్లీ తెరుచుకుంటుందని ఆశపడతారు. తెరుచుకోదు.

వాదన సమయంలో ఒక పూర్వపు తీర్పును చూపడం మరచిపోవడం కూడా ఆధారం కాదని 1997లో డొక్కా శామ్యూల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఓడిపోయాక ప్లీడరును మార్చి, కొత్త ప్లీడరు చేత మళ్లీ మొదటి నుంచి వాదించుకోవడానికి రివ్యూ వేసే అలవాటును అదే ఏడాది తమిళనాడు విద్యుత్ బోర్డు కేసులో గట్టిగా తప్పుపట్టింది. 2013లో కమలేష్ వర్మ కేసులో ఇలాంటి సూత్రాలన్నిటినీ ఒకచోట చేర్చి రాశారు. ఇప్పటి కొట్టివేత ఉత్తర్వులు చాలావరకు ఆ జాబితాను ఎత్తిరాసి, దాని కిందే రెండు వాక్యాల్లో ముగించేస్తాయి.

ఆ రెండు వాక్యాల అలవాటు మీద నా అభ్యంతరం చెప్పకుండా ఉండలేను. పిటిషన్ కొట్టేయడంలో తప్పు లేదు. కానీ కక్షిదారు చూపిన ఫలానా పొరపాటు ఎందుకు పొరపాటు కాదో, లేదా అది అప్పీలులో చెప్పవలసిన సంగతి ఎలా అవుతుందో ఒక్క పేరా రాస్తే అతనికి తదుపరి దారి తెలుస్తుంది. సూత్రాల జాబితా చదివి తన కేసు ఎందుకు పోయిందో ఏ రైతూ తెలుసుకోలేడు.

రిజిస్ట్రీ నుంచి ఉత్తర్వు దాకా

గడువు ముప్పై రోజులు. లిమిటేషన్ చట్టం, 1963లోని 124వ ఆర్టికల్ ప్రకారం సుప్రీంకోర్టు కాక మరే కోర్టు తీర్పుకైనా రివ్యూ ముప్పై రోజుల్లో వేయాలి. తీర్పు నకలు కోసం పట్టిన రోజులను 12వ సెక్షన్ కింద తీసేస్తారు. గడువు దాటితే 5వ సెక్షన్ కింద ఆలస్యాన్ని మన్నించమని వేరే పిటిషన్ వేయాలి. చాలా రివ్యూలు గుణదోషాల దాకా రావు. ఆలస్యపు పిటిషన్ కొట్టివేయగానే దాని వెనక ఉన్న రివ్యూ కూడా దానితోపాటే పోతుంది. మూడో రూలు ప్రకారం పిటిషన్‌ను అప్పీలు మెమో పద్ధతిలో రాయాలి. ఆధారాలు విడివిడిగా, అంకెలు వేసి ఉండాలి. లేకపోతే రిజిస్ట్రీ అభ్యంతరాలు రాసి ఫైలు వాపసు చేస్తుంది.

ఎవరు వినాలన్నది ఐదో రూలు చెబుతుంది. తీర్పు ఇచ్చిన జడ్జిలు అదే కోర్టులో ఉంటే, దరఖాస్తు తర్వాత ఆరు నెలల పాటు గైర్హాజరు వంటి అడ్డంకి లేకపోతే, వాళ్లే వినాలి, మరొకరు వినకూడదు. రిటైరై ఉంటేనో వేరే హైకోర్టుకు బదిలీ అయి ఉంటేనో మరో బెంచికి పంపుతారు. ఇద్దరు జడ్జిల బెంచి వింటూ చెరో అభిప్రాయం చెబితే, ఆరో రూలు ప్రకారం పిటిషన్ కొట్టివేసినట్టే. ఇతర కేసుల్లో చాలాచోట్ల ఇలా సమానంగా చీలితే మూడో జడ్జికి పంపే పద్ధతి ఉంటుంది. రివ్యూలో మాత్రం చీలిక పిటిషనర్‌కు ఓటమే.

నాలుగో రూలులో మరో అసమానత ఉంది. చాలిన ఆధారం లేదనిపిస్తే ఎదుటి పక్షానికి నోటీసు లేకుండానే కోర్టు కొట్టేయవచ్చు. ఒప్పుకోవాలంటే మాత్రం ఎదుటి పక్షానికి నోటీసు ఇచ్చి తీరాలి. అందుకే ఎక్కువ పిటిషన్లు అడ్మిషన్ దశలోనే ముగుస్తాయి. కాజ్‌లిస్ట్‌లో పేరు వచ్చిన రోజు కేసు పిలుస్తారు. ప్లీడరు లేచి తప్పు ఏ పేరాలో ఉందో చూపడానికి ప్రయత్నిస్తారు. బెంచి అడిగేది సాధారణంగా ఒక్కటే: ఇది అప్పీలు గ్రౌండ్ కాదా? దానికి సూటిగా జవాబు లేకపోతే అక్కడితో సరి. తర్వాత వెబ్‌సైట్‌లోకి ఎక్కే ఉత్తర్వు చివరి పంక్తులు మన హైకోర్టు ఫైళ్లు చూసినవారికి బాగా పరిచితం: రివ్యూ పిటిషన్ కొట్టివేయడమైనది, ఖర్చుల విషయమై ఉత్తర్వు లేదు, పెండింగులో ఉన్న మిసిలేనియస్ పిటిషన్లు ఏవైనా ఉంటే అవి మూసివేసినట్టే. ఆ చివరి పంక్తిని తేలిగ్గా చదవకూడదు. రివ్యూతో పాటు చెరువు గట్టు తెగ్గొట్టకుండా స్టే అడిగి ఉంటే, ఆ స్టే కూడా ఆ ఒక్క వాక్యంతోనే పోతుంది.

కేసు పిలిచినప్పుడు పిటిషనర్ తరఫున ఎవరూ లేకపోవడం వల్ల కొట్టివేస్తే పరిస్థితి వేరు. తగిన కారణం చూపితే ఏడో రూలు ప్రకారం దాన్ని మళ్లీ ఫైలుకు ఎక్కించమని అడగవచ్చు. కానీ విని కొట్టేసిన రివ్యూను మళ్లీ రివ్యూ చేయమని అడగడాన్ని తొమ్మిదో రూలు పూర్తిగా నిషేధించింది.

కొట్టివేత తర్వాత

అసలైన ఉచ్చు ఏడో రూలులో ఉంది. రివ్యూను తిరస్కరించిన ఉత్తర్వు మీద అప్పీలు లేదు. ఒప్పుకున్న ఉత్తర్వును మాత్రం ఎదుటి పక్షం సవాలు చేయవచ్చు. కారణం తర్కబద్ధమైనదే. రివ్యూ కొట్టేసినప్పుడు పాత తీర్పు చెక్కుచెదరకుండా అలాగే ఉంటుంది. బాధ ఏదైనా ఉంటే అది పాత తీర్పు వల్లే, కాబట్టి సవాలు చేయవలసింది దాన్నే. తిరస్కరణతో పాత తీర్పు రివ్యూ ఉత్తర్వులో విలీనం కాదని 2012లో డీఎస్ఆర్ స్టీల్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. రివ్యూ తిరస్కరణను మాత్రమే సవాలు చేస్తూ వచ్చే ప్రత్యేక అనుమతి పిటిషన్ నిలవదని 2020లో టి.కె. డేవిడ్ కేసులో మళ్లీ చెప్పింది.

ఇప్పుడు కక్షిదారు వైపు నుంచి చూడండి. సుప్రీంకోర్టుకు వెళ్లడానికి గడువు హైకోర్టు తీర్పు నుంచి తొంభై రోజులు. అతను ఆ రోజుల్లో రివ్యూ వేసి, నంబరు కోసం, విచారణ కోసం వేచి ఉన్నాడు. కొట్టివేత వచ్చేసరికి ఏడాది గడిచింది. రివ్యూలో గడిపిన కాలం పాత తీర్పు గడువు నుంచి దానంతట అదే తగ్గదు. ఆలస్యాన్ని మన్నించమని మళ్లీ బతిమాలుకోవాలి. తప్పుడు దారిలో నడిచిన పొరపాటుకు అతని సరైన దారి కూడా మూసుకుపోవచ్చు. రివ్యూ వేస్తూనే అప్పీలు గడువును క్యాలెండర్‌లో వేరుగా గుర్తుపెట్టుకోవడం ఇందుకే తప్పనిసరి.

ముందు సుప్రీంకోర్టుకు వెళ్లి, అక్కడ కారణాలు చెప్పకుండా కొట్టేశాక హైకోర్టులో రివ్యూ వేయవచ్చా? వేయవచ్చని 2000లో కున్హయమ్మద్ కేసు, 2019లో ఖోడే డిస్టిలరీస్ కేసు చెప్పాయి. అలాంటి కొట్టివేతలో హైకోర్టు తీర్పు విలీనం కాదు. రివ్యూ వేసిన నాటికి అప్పీలు లేకపోతే చాలు, తర్వాత అప్పీలు వచ్చినా కోర్టు అధికారం పోదన్న సంగతినీ తుంగభద్ర కేసే తేల్చింది.

రిట్లు, పార్టీగా లేని మనిషి

కొల్లేరు వ్యాజ్యాల్లో పెద్ద భాగం దావాలు కావు, రాజ్యాంగం 226వ ఆర్టికల్ కింద వేసిన రిట్లు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 141వ సెక్షన్‌కు 1976లో చేర్చిన వివరణ ఆ కోడ్‌ను రిట్ల నుంచి తప్పించింది. మరి రివ్యూ అధికారం ఎక్కడిది? 1961లో శివదేవ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, అన్యాయం జరగకుండా తన తీర్పును సరిదిద్దుకునే శక్తి హైకోర్టుకు స్వతఃసిద్ధంగా ఉందని చెప్పింది. రికార్డు కోర్టుగా 215వ ఆర్టికల్ కూడా ఆ శక్తిని ఇస్తుంది. అయితే 1979లో అరిబమ్ తులేశ్వర్ శర్మ కేసు ఆ శక్తికీ హద్దులున్నాయని గుర్తుచేసింది. ఆచరణలో 47వ ఆర్డర్ సూత్రాలే రిట్ రివ్యూల్లోనూ కొలబద్ద.

శివదేవ్ సింగ్ కేసులోని సంగతి కొల్లేటి రైతుకు చాలా దగ్గరిది. పంజాబ్‌లో ఒకరు వేసిన రిట్‌లో వచ్చిన ఉత్తర్వు, ఆ కేసులో పార్టీగానే లేని మరొకరి భూమి కేటాయింపును రద్దు చేసింది. అతను మళ్లీ కోర్టుకు వస్తే వినడం సరైనదేనని సుప్రీంకోర్టు అంది. డ్రెయిన్ ఆక్రమణలు తొలగించమని ఒక సంఘం వేసిన రిట్‌లో ఉత్తర్వు వచ్చి, పార్టీగా లేని పక్క చెరువు యజమాని గట్టు మీదికి జేసీబీ వస్తే, అతని రివ్యూ పిటిషన్‌ను అప్పీలు గ్రౌండ్ అని తోసిపుచ్చడం సబబు కాదు. అతని మాట కోర్టు ఒక్కసారి కూడా వినలేదు. రివ్యూలో గట్టి ఆధారం ఉన్న కేసులు ఇవే.

రెండో వైపు ప్రమాదం ఎలా ఉంటుందో వరంగల్ జిల్లా కొంపల్లి అటవీ భూమి కేసు చూపింది. 106 ఎకరాలకు పైగా భూమి అటవీ భూమేనని ప్రభుత్వ అప్పీలును ఒప్పుకుంటూ 2018లో హైకోర్టు ఇచ్చిన తీర్పును, 2021లో రివ్యూలో అదే హైకోర్టు తలకిందులు చేసింది. 2024 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఆ రివ్యూ తీర్పును రద్దు చేసింది. రివ్యూ పేరుతో హైకోర్టు అప్పీలు విన్నట్టు సాక్ష్యాలను మళ్లీ తూచిందని చెప్పి, రాష్ట్ర ప్రభుత్వానికీ, భూమి కోరిన పక్షానికీ చెరో 5 లక్షల రూపాయల ఖర్చులు విధించింది. అటవీ భూమికి జరిగినదే చిత్తడి నేలకూ జరగవచ్చు. అభయారణ్యం హద్దు మీద ఒకసారి తేలిన తీర్పు, బెంచి మారినప్పుడల్లా రివ్యూలో కదులుతూ ఉంటే కొల్లేరుకు హద్దంటూ మిగలదు. 2022లో తెలంగాణ హైకోర్టు రివ్యూ ఉత్తర్వును ఎస్. మధుసూదన్ రెడ్డి కేసులో రద్దు చేస్తూ కూడా సుప్రీంకోర్టు ఈ హద్దులనే గట్టిగా చెప్పింది.

రివ్యూ లేని చోట్లు

క్రిమినల్ కేసుల్లో తీర్పు సంతకమయ్యాక అక్షర దోషాలు, అంకెల పొరపాట్లు తప్ప ఏదీ మార్చకూడదని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 362వ సెక్షన్ చెప్పేది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అదే మాట 403వ సెక్షన్‌గా ఉంది. సివిల్ తీర్పులో సర్వే నంబరు తప్పుగా టైపైతే దానికి రివ్యూ అక్కరలేదు. 152వ సెక్షన్ కింద ఎప్పుడైనా దిద్దమని అడగవచ్చు, గడువు లేదు, ఖర్చూ తక్కువ. ఈ చిన్న దారిని వదిలి రివ్యూ వేసి కొట్టించుకోవడం అనవసరమైన నష్టం.

తహసీల్దారు, ఆర్డీవో వంటి అధికారులకు చట్టం ప్రత్యేకంగా ఇస్తే తప్ప తమ ఉత్తర్వును తామే రివ్యూ చేసే అధికారం లేదని 1970లో పటేల్ నార్సీ ఠాకర్సీ కేసు తేల్చింది. డీ-ఫారం పట్టా ఇచ్చిన ఆఫీసే నాలుగేళ్ల తర్వాత పాత ఫైలు తెరిచి మేం పొరబడ్డాం అంటే రైతు అడగవలసిన మొదటి ప్రశ్న ఏ సెక్షన్ కింద అని. ఆ సెక్షన్ లేకపోతే ఆ ఉత్తర్వు మీద నేరుగా హైకోర్టులో రిట్ వేయవచ్చు. ఆ రిట్‌లో వచ్చే తీర్పుకు మాత్రం రివ్యూ గడువు నకలు కోసం పట్టిన రోజులు పోను ముప్పై రోజులే. సింగిల్ జడ్జి తీర్పు మీద డివిజన్ బెంచికి రిట్ అప్పీలు వేయడానికి ఉన్న గడువు కూడా అంతే. నకలు వెనక వేసే ముద్రల్లో దరఖాస్తు చేసిన తేదీ, నకలు సిద్ధమైన తేదీ, ఇచ్చిన తేదీ ఉంటాయి. ఈ రెండు గడువులనూ లెక్కగట్టేది ఆ తేదీలను చూసే.